మూడో నిమిషంలో లేచిన గొంతు

తాలాయ్ టైర్ల కొట్లో ఆదివారం మధ్యాహ్నాలు పాటల కోసం తన్నుకునేవాళ్లు. మాటవరసకు కాదు, నిజంగానే. ఓష్ ఊరి కుర్రాళ్ల బ్యాండును ఎవడో "పెళ్లిళ్లలో వాయించుకునే రకం" అన్నందుకు కుబాన్ వాడి ముక్కు పగలగొట్టాడు. ఆ ముక్కువాడు పై ఆదివారం ముక్కులో దూదితో, చేతిలో ఇంకో బ్యాండు పాటతో మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అంత పిచ్చి వాళ్లకి.

రాజధాని బిష్కెక్ చివర లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది ఆ కొట్టు. అక్కడ చేరే ఐదారుగురికీ ఒకటే పంతం. పాటలో పాత పల్లెరాగం ఉండాలి, కొత్త వాయిద్యం ఉండాలి, ఆ బ్యాండు పేరు మిగతావాళ్లెవరూ విని ఉండకూడదు. రేడియోలో వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. పాట తెచ్చినవాడు పేరు ముందు చెప్పకూడదు. పాట ముగిసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఈ రెండో నియమం జిపార్‌ది. సంగీతం బడిలో పిల్లలకు మూడు తీగల కొముజ్ నేర్పే ఆవిడ, నియమం తప్పినవాణ్ణి రబ్బరు గొట్టంతో బాదిన రోజులున్నాయి.

వీళ్లందరికీ పెద్ద తాలాయ్. నలభై దాటినవాడు, "మొదట విన్నది నేనే" అనిపించుకోవడానికి తిండి మానేసే రకం. ఒక ఆదివారం పొద్దున నారిన్ నుంచి ముగ్గురు కుర్రాళ్లు తమ కొత్త పాట అతని ఫోనుకి పంపారు. అప్పటికింకా బయటికి రాలేదది. అందరి ముందే మొదటిసారి వినాలని తను కూడా వినకుండా దాచుకున్నాడు. గొప్పకు పోయి చేసిన పని, ఇంకో పేరు లేదు దానికి.

"ఈసారి మీ నోళ్లు పడిపోతాయి చూడండి," అన్నాడు స్పీకరు మీద చెయ్యేసి.

"పోయినసారీ ఇదే అన్నావన్నా. తీరా చూస్తే మా మేనత్త ఫోను మోగితే అదే పాట," అన్నాడు కుబాన్. లారీ నడుపుతాడు వాడు. మెడ ఎద్దుకున్నంత ఉంటుంది.

అందరూ నవ్వారు. పాట మొదలైంది. మొదటి నిమిషం కొముజ్. రెండో నిమిషంలో డోలు, గిటారు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడో నిమిషంలో ఒక ముసలి ఆడగొంతు ఏడుస్తూ లేచింది.

ఆ గొంతు తాలాయ్‌కి తెలుసు.

మూడేళ్ల కిందట కుబాన్ తమ్ముడు మెదెర్ కనుమ మీద లారీ కింద నలిగిపోయాడు. వాకిట్లో వేసిన గుడారంలో శవం, లోపల గోడకేసి తిరిగి ఆడవాళ్లు, బయట కర్రల మీద వాలి ఏడుస్తున్న మగవాళ్లు. తల్లి కనిమెత్ కొషోక్ అందుకుంది. అది పోయినవాడి కోసం తప్ప పాడరు. చావు లేని ఇంట్లో వినపడితే చావు వస్తుందని భయం. కొడుకుని ఎర్రగుర్రం ఎక్కించి కనుమ మీదికి తీసుకుపోతోంది తల్లి, పాటలో. బయట తాలాయ్ కూడా ఏడ్చాడు, దొంగేడుపేమీ కాదు. ఏడుస్తూనే జేబులో ఫోను నొక్కి ఆ గొంతు పట్టుకున్నాడు. అంతలో చావు విందుకు కోయాల్సిన గుర్రాన్ని పట్టుకోవడానికి రమ్మని ఎవరో కేకేశారు. ఫోను ఆపేసి వెళ్లాడు. మిగతా సగం వినలేకపోయానని ఈ మూడేళ్లూ కుమిలిపోయాడు, సిగ్గులేని మనిషి. తన దగ్గరున్న ఆ ముక్కనే "ఒక్కసారి వినండ్రా" అని నారిన్ కుర్రాళ్లకు పంపాడు. వాళ్లు విని ఊరుకోలేదు, పాటలో కలిపేశారు.

"మెదెర్, నా మెదెర్," అంది స్పీకరులో గొంతు.

కుబాన్ కదల్లేదు. నియమం నియమమే, నోరు విప్పలేదు. చేతిలో టీ గిన్నె మాత్రం పిడికిట్లో పగిలింది, రక్తం మోచేతి దాకా కారింది. గుర్రం కనుమ మీదికి ఎక్కుతుండగా గొంతు ఠక్కున తెగిపోయింది, ఆ పైన డోళ్లు విరుచుకుపడ్డాయి.

పాట ఆగింది.

"అబ్బ! ఎవరిదీ గొంతు?" అంది జిపార్, ఏమీ తెలియక.

"మా అమ్మది," అన్నాడు కుబాన్.

లేచి స్పీకరు ఎత్తి గోడకేసి కొట్టాడు. టైరు విప్పే ఇనుపకడ్డీ అందుకున్నాడు.

"ఎవరు వాళ్లు? ఏ ఊరు?"

"తెలీదురా. ఎవరో పంపారు."

"నీకు తెలీని బ్యాండా? ఈ దేశంలో నీకు తెలీని బ్యాండు లేదని వారం వారం మా దగ్గర కోతలు కోస్తావు కదా! చెప్పవయ్యా పెద్దమనిషీ!"

బల్ల మీది ఫోను లాక్కుని చూశాడు. ఊరు పేరు కనపడింది.

"నారిన్. సాయంత్రానికి అక్కడుంటా. ముగ్గురికీ ముప్పై వేళ్లు. ఒక్కొక్కటే విరుస్తా. మళ్లీ ఈ జన్మలో తీగ ముట్టరు."

ఊరికే అనే మనిషి కాదు. ఆ ముగ్గురిలో చిన్నవాడికి పదిహేడు. తాలాయ్ వెళ్లి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"వాళ్లకేం తెలీదు. రికార్డు చేసింది నేను. పంపిందీ నేనే."

కుబాన్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"నా పక్కన నిలబడా? నా భుజం మీద చెయ్యేసి ఏడ్చావు కదన్నా."

"రెండో చెయ్యి జేబులో ఉంది."

మొదటి దెబ్బ ఎడమ పక్కటెముకల మీద పడింది. విరిగిన చప్పుడు కొట్టంతా వినపడింది. టైర్ల మీద పడ్డవాణ్ణి లేపి చెవి మీద గుద్దాడు, అదే చెవి మీద మళ్లీ, మళ్లీ. జిపార్ కుబాన్ వీపెక్కి భుజం కొరికింది. దులిపి పడేశాడు. ముక్కు పగిలినవాడు అడ్డమొచ్చి రెండోసారి ముక్కు పగలగొట్టించుకున్నాడు. కడ్డీ వదిలేసి బూటుకాలితో తన్నాడు కుబాన్. అన్నా అనే పిలుపు పోయింది, బూతులే మిగిలాయి. "దొంగవెధవా, మా శవం జేబులో వేసుకుపోతావురా!" అంటూ ఆయాసం వచ్చేదాకా తన్నాడు. తాలాయ్ చెవిలోంచి కారిన రక్తం గ్రీజులో కలిసింది. చివరికి కుబాన్ తాలాయ్ ఫోను జేబులో పెట్టుకుని, ఏడుస్తూ లారీ ఎక్కాడు. లారీ నారిన్ దారి పట్టలేదు, ఇంటివైపు తిరిగింది. అది చూశాకే తాలాయ్‌కి స్పృహ తప్పింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కనిమెత్ అతని ఇంటికి వచ్చింది. తాలాయ్ నేల మీద పరుపులో కుడిపక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎడమవైపు ఎముకలు అంగుళం కూడా కదలనివ్వడం లేదు. ఎడమ చెవి పగిలిపోయింది, లోపల దూది కుక్కారు. వినపడే కుడి చెవి ఉన్ని తలగడలో కూరుకుపోయి ఉంది.

ఆవిడ ఎదురుగా వచ్చి వంగి, ముందు ఫెడేల్మని చెంప మీద కొట్టింది. తర్వాత నోరు అతని మొహానికి దగ్గరగా పెట్టి గట్టిగా మాట్లాడింది.

"నా కొడుకు వినిపించాడు నాకు. ఎక్కడ ఆపావో తెలుసా నువ్వు?"

"కనుమ మీద, అమ్మా."

"కనుమ మీద. మంచులో. గుర్రం దిగనివ్వకుండా. అటు దిగితే వాళ్ల తాత వాకిలి ఉంది, పొయ్యి ఉంది, వీడి కోసం పరుపు వేసి ఉంది. నేను దింపాను వాణ్ణి, నా కంఠం పగిలేలా పాడి దింపాను. నువ్వు మళ్లీ ఎక్కించావు. మూడేళ్లుగా నీ ఫోనులో గడ్డకట్టుకుపోయాడు నా పిల్లాడు."

"కొట్టమ్మా. ఇంకా కొట్టు."

"కొడితే దిగుతాడా? మొదలుపెట్టించినవాడివి నువ్వే, చివరిదాకా నువ్వే వినాలి. ఇప్పుడు సగంలో తెగిందంటే ఇక దింపే ఓపిక నాకు లేదు."

ఆవిడ లేచి అతని వెనక్కి వెళ్లి గోడకేసి తిరిగింది. అలాగే కదా పాడాలి. ఒక చెయ్యి అతని పగిలిన చెవి మీద ఆనించి అందుకుంది.

మూడేళ్లు తను కుమిలిన ఆ మిగతా సగం జానెడు దూరంలో నడుస్తోంది. తాలాయ్‌కి తలగడ ఉన్నిలోంచి ఏదో హోరు తప్ప ఒక్క మాట అందడం లేదు. తాత పేరేమిటో, పొయ్యి దగ్గర ఎవరున్నారో, గుర్రం రంగు దిగేటప్పుడూ ఎరుపేనో తెలియడం లేదు. "ఇటు రా అమ్మా, ఈ చెవి పనిచెయ్యదు," అంటే చాలు. అంటే పాట తెగుతుంది.

పళ్లు బిగించి నోరు మూసుకున్నాడు. చెవి మీద ఆ చెయ్యి వణకడం ఆగేదాకా అలాగే పడుకున్నాడు.

"దిగాడా?" అని అడిగింది ఆవిడ, మళ్లీ ఎదురుగా వచ్చి.

"దిగాడమ్మా," అన్నాడు.