అతుకు కనపడని గోడ

కత్తెరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటో కట్టుకున్న మొగుడు కూడా ఒక్క క్షణం ఆలోచించుకుని చెప్పాలి. కుట్టుపని ఆవిడది. కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. బట్ట మీద సుద్దగీత గీసిందంటే కత్తెర ఆ గీతని దారప్పోగంత కూడా దాటేది కాదు. అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే పక్షవాతం తగిలి కుడిచెయ్యీ, కాలూ, మాటా పడిపోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు దారిలోకొచ్చింది. మాట కూడా దారిలోకొచ్చింది. అది ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చినా కొంప మునిగేది కాదని మొగుడు వేళాకోళమాడి, తగిన శాస్తి చేయించుకున్నాడు. చెయ్యి మాత్రం మొండికేసింది. వేళ్ళు కదిలేవి, వస్తువుని పట్టుకునేవి, కానీ చెప్పినచోట ఆగేవి కావు. షాపుకి తాళం పడింది.

కసరత్తు చేయించే డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. "బంతులతో ఆడుకోడానికి నేనేమన్నా పసిపిల్లనా?" అని దాన్ని మంచం కిందకి విసిరికొట్టింది కత్తెరమ్మ. ఎడంచేత్తో విసరాల్సి వచ్చినందుకు ఇంకా మండిపడింది.

అది చూసి కూతురు తన పిల్ల బొమ్మరింటిని తెచ్చి బల్ల మీద పెట్టింది. పల్చటి చెక్కతో చేసిన ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, ముందుగోడ లేదు. లోపలి గోడలకి పూలకాగితాలు అంటించాలి. "చెయ్యమ్మా, నీకూ కాస్త పొద్దుపోతుంది" అంది.

పొద్దుపోవడమట! నలభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషికి పొద్దుపోవడానికి బొమ్మరిల్లు కావలసి వచ్చింది! కత్తెరమ్మ పళ్ళు నూరింది గానీ, కూతురు వెళ్ళాక ఇంట్లోకి తొంగిచూసింది. అరచేతులంత గోడలు. కిటికీ, మూల, గీతకి గీత కలవాల్సిన అతుకు. ఇదంతా కత్తిరింపు పనే. కాకపోతే బట్ట బదులు కాగితం.

"వినండి" అంది మొగుడితో. "ఈ నాలుగు గదులకీ అతుకు కనపడకుండా కాగితం అంటించిన రోజున షాపు తాళం తీస్తాను. నావల్ల కాదని తేలిందా, మిషను అమ్మిపారేస్తాను."

మొగుడు గడియారాలు బాగుచేసే మనిషి. చెయ్యి కుదురైనది, మాట మెత్తనిది. "దానికీ దీనికీ ముడిపెట్టడం ఎందుకే?" అన్నాడు.

"నా ముడి, నా ఇష్టం."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఇంకా బలవంతురాలని ఆయనకి తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాడు.

మొదటి గదిలోనే తలప్రాణం తోకకొచ్చింది. మైదా జిగురు ఉడకబెట్టి, కాగితం వెనక దండిగా పూసి, అదే ఊపులో గోడకి అంటించింది. కాగితం తడి తాగి సాగింది. సాగినదానికి గోడ మీద చోటు చాలక అలలు అలలుగా లేచింది. పైగా రంగు కరిగి వేళ్ళకి అంటింది. కొత్త బట్ట రంగు దిగుతుందో లేదో తడిగుడ్డతో రుద్ది చూసుకోవాలని వీధి వీధికీ పాఠం చెప్పే మనిషి, కాగితానికి ఆ పరీక్ష పెట్టడం మరిచిపోయింది. చెప్పేవి నీతులు, మరి!

కూర్చుని ఆలోచించింది. కొత్త బట్టని కొయ్యబోయే ముందు తడిపి ఆరేస్తాం కదా, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుందని. కాగితం సాగేదేదో ముందే సాగనిస్తే సరి. జిగురు పల్చగా పూసి, మడతపెట్టి కాసేపు వదిలేసి, మెత్తబడ్డాక అంటించింది. ఈసారి అలలు రాలేదు. అక్కడక్కడ బుడగలు లేస్తే సూదిమొనతో పొడిచి, ఖాళీ దారపు రీలుని దొర్లించి గాలి బయటికి తోసింది. మిగిలిన చిన్నచిన్న బుడగలు ఆరేటప్పటికి వాటంతటవే అణిగిపోయాయి.

కిటికీ దగ్గర ఇంకో తంటా. ముందే కొలిచి కాగితంలో కన్నం కోస్తే, అంటించేసరికి కన్నం ఒకచోట, కిటికీ ఇంకోచోట. "కోటు జేబుకి ఇలాగే ముందే నోరు కోస్తామా?" అని తనని తనే తిట్టుకుంది. కిటికీ మీదుగా కాగితం మొత్తం పరిచి, తర్వాత ఆ చోట మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా చీల్చి, నాలుగు ముక్కలనీ లోపలికి మడిచింది. జేబు నోరులా చక్కగా కుదిరింది.

మేడమీది గదిలో పిట్టల కాగితం. అంటించాక మొగుడు అటూ ఇటూ తల వంచి చూశాడు. "ఈ ఇంట్లో పిట్టలన్నీ కళ్ళు తిరిగి పడిపోయాయేమిటే?" అన్నాడు. తలలు కిందికి, కాళ్ళు పైకి ఉన్నాయి.

"గబ్బిలాలనుకోండి" అంది కత్తెరమ్మ. అని, నవ్వు ఆపుకుంటూ దాన్ని ఊడదీసింది.

అన్నిటికీ ఏదో ఒక విరుగుడు దొరికింది. మొదటి గదికి ఒకే కాగితం సరిపోయింది గానీ, రెండో గది నుంచి అతుకొక్కటే లొంగలేదు. రెండు కాగితాలు కలిసేచోట గీత మీద గీత రావాలంటే బ్లేడు తిన్నగా దిగాలి. అది కుడిచెయ్యి చెయ్యాల్సిన పని. బ్లేడు సగం దూరం బుద్ధిగా వచ్చి, అక్కడ ఒక్క ఎగురు ఎగిరేది. ఆ ఎగిరినచోట చెక్క తెల్లగా కనపడేది. రెండో గది చేసిన రోజు ఆమె బ్లేడు పక్కన పడేసి గోడవైపు తిరిగి కూర్చుంది. మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుంది.

నిద్రలేచి చూస్తే అతుకు మూసుకుపోయి ఉంది. గీత మీద గీత, ఆకు మీద ఆకు. కత్తెరమ్మ వేలితో తడిమింది, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసింది. ఆరాక బుడగలు పోయినట్టే ఇదీ సర్దుకుందనుకుంది. మూడో గదిలోనూ అంతే, నాలుగో గదిలోనూ అంతే. ఆమె అంటించి పడుకోవడం, లేచేసరికి అతుకు మాయం. ఆరే కాగితం ముడుచుకుంటుంది, సందు పెరగాలే గాని తరగకూడదు. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. తెలుసుకోవాలని లేదు. చెయ్యి తిరిగొచ్చిందన్న సంతోషంలో మనిషికి లోకజ్ఞానం ఎక్కడ గుర్తుంటుంది?

నాలుగో గది పూర్తయిన మర్నాడు షాపు తాళం తీసింది. మొగుడి చేత బూజు దులిపించింది, మిషనుకి నూనె వేయించింది. తలుపు తెరిచి ఉండడం చూసి మొదట లోపలికొచ్చింది బ్యాంకు మేనేజరమ్మ. చేతిలో నీలంరంగు పట్టుబట్ట, పాత మడతల దగ్గర కాస్త వెలిసింది.

"మా అమ్మది. ఆవిడ పోయాక నాకు మిగిలింది ఇదొక్కటే. గౌను కుట్టించుకుందామని. మీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వబుద్ధి కాక దాచుకున్నానండీ" అంది.

"ఇటివ్వు తల్లీ" అంది కత్తెరమ్మ. కొలతలు తీసుకుని ఆమెని పంపేసింది.

బట్టని బల్ల మీద పరిచింది. ఎడంచేత్తో నిమిరింది. సుద్దగీత గీసింది. కుడిచేత్తో కత్తెర తీసుకుని బట్ట అంచుకి నోరు తెరిచి పెట్టింది.

"ఆగవే!" మొగుడు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదలండి. గీత చెరిగిపోతుంది."

"కొయ్యకు. ఆ గోడలు..." ఆయన మింగలేక కక్కలేక నిలబడ్డాడు. "ఆ గోడలు నువ్వు అంటించినవి కావు. నువ్వు పడుకున్నప్పుడు నేను ఊడదీసి, కొత్త ముక్క కోసి అంటించాను. మూడు గదులూ."

కత్తెరమ్మ కత్తెర కింద పెట్టింది. పట్టుబట్టకి దూరంగా, బల్ల ఆ చివర పెట్టింది. తర్వాత మాట్లాడింది.

"నామీద జాలిపడ్డారా?"

"జాలి కాదే. రెండో గది రోజున గోడవైపు తిరిగి ఏడ్చావు. నలభై ఏళ్ళలో నువ్వు ఏడవడం నేను వినలేదు. తట్టుకోలేకపోయాను."

"ఏడిస్తే ఏడవనివ్వండి! నేను ఏడిస్తే ఈ బట్ట పాడవదు. మీ అబద్ధం నమ్మి కోస్తే పాడవుతుంది! ఆ పిల్ల తల్లిని నేను తిరిగి నేసి ఇవ్వగలనా?" ఆమె పట్టుబట్టని మడతపెట్టింది. "నా చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకు తెలియాలి కదండీ. కుంటుతోందో, పాకుతోందో, అదైనా నాకు తెలియాలి కదా! మీరు దాన్ని నా నుంచి దాచేశారు. పక్షవాతం సగం చెయ్యి తీసుకుంటే, మిగతా సగం మీరు తీసుకున్నారు."

ఆయన తల ఎత్తలేదు. "తప్పయిపోయింది" అన్నాడు.

"పదండి ఇంటికి."

ఇంటికెళ్ళగానే స్పాంజి తడిపి బొమ్మరింటి గోడకి అద్దింది. ముద్దుగా, గీత మీద గీతగా ఉన్న మొగుడి పనితనమంతా మెత్తబడి పొరలు పొరలుగా ఊడొచ్చింది. అట్టముక్కతో జిగురు గీకేసింది. కొత్త కాగితం కొలిచింది, జిగురు పూసింది, మడతపెట్టి మెత్తబడనిచ్చింది.

"నేను పట్టుకోనా?" అన్నాడాయన పక్కన నిలబడి.

"మీరు చేతులు కట్టుకుని ఆ కుర్చీలో కూర్చోండి. కదిలారంటే జిగురు మీ మొహానికి పూస్తాను."

బ్లేడు సగం దూరం తిన్నగా వచ్చింది. అక్కడ ఎగిరింది. ఆమె ఆపలేదు, చివరిదాకా కోసి అంటించింది, రీలు దొర్లించింది. వెనక్కి జరిగింది.

"ఎలా ఉంది?"

"బాగానే..."

కత్తెరమ్మ ఒక్క చూపు చూసింది.

"కనపడుతోంది" అన్నాడాయన చిన్నగా. "ఇక్కడ కూర్చున్నా కనపడుతోంది."

"ఊ. ఫోను ఇవ్వండి."

మేనేజరమ్మతో తనే మాట్లాడింది. "నీ బట్ట కొయ్యడానికి నా చెయ్యి ఇంకా తయారు కాలేదమ్మా. తొందరపడి తీసుకున్నాను. తప్పు నాదే." ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఎదురుగా ఉన్న మొగుడికే తెలుసు. అవతల మేనేజరమ్మ, "సరేనండీ, సాయంత్రం వచ్చి తీసుకుంటాను. ఇంకెవరైనా బాగా కుట్టేవాళ్ళుంటే చెప్పండి" అంది. కత్తెరమ్మ పెద్దబజారులో ఉన్న ఒక కుర్రదాని షాపు చెప్పింది. ఆ కుర్రది నిన్నమొన్నటిదాకా ఆవిడ దగ్గరే గుండీలు కుట్టింది. ఫోను పెట్టేసి మళ్ళీ జిగురు గిన్నె దగ్గరికి వచ్చింది.

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "మరి... మిషను అమ్మేస్తానన్నావు..."

"ఎప్పటిలోగా అంటించాలో నేనేమన్నా చెప్పానా?"

"చెప్పలేదు."

"మరి నోరు మూసుకుని కూర్చోండి. కాదు కాదు, మూసుకోకండి. నోరే కావాలి నాకు. నేను అంటిస్తాను, మీరు చూసి చెప్పండి. వంకరైతే వంకరనండి. మీ చెయ్యి మాత్రం ఆ ఇంటి మీద పడకూడదు."

మళ్ళీ తడిపింది, ఊడదీసింది. కొత్త ముక్క కోసింది, అంటించింది.

"ఇప్పుడు?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తడి అద్దాలది కాదు. "కింద... కింద పక్కకి పోయింది."

"ఎటు? వినపడటం లేదు."

"ఎడమకి. వంకరగా ఉంది."

"గట్టిగా చెప్పండి!"

"వంకర!" అని అరిచాడాయన, కన్నీళ్ళు బుగ్గల మీదకి జారుతుంటే. "బాగా వంకర! అసలేం బాగాలేదు!"

"అద్గదీ" అంది కత్తెరమ్మ. ఆమె కళ్ళు కూడా నిండాయి. మోచేత్తో తుడుచుకుని, స్పాంజి తడిపి, ఆ కాగితాన్ని మళ్ళీ పైనుంచి ఊడదియ్యడం మొదలుపెట్టింది.