రేనార్డ్ ఊపిరి

మా నాన్న ఓజెల్ పెటిఫర్డ్ ఎనభై ఆరో ఏట కూడా మంద్రస్థాయిలో పాడితే బల్లమీది చెంచాలు సన్నగా గలగలలాడేవి. 1956లో బాల్టిమోర్‌లోని లాన్‌వేల్ వీధి మూలన నిలబడి పాడటం మొదలుపెట్టిన నలుగురు కుర్రాళ్లలో ఆయనొకడు. ‘లాన్‌వేల్ ఫోర్’ పేరుతో వాళ్లు తెచ్చిన రికార్డులు పదకొండే. అయినా ఇవాళ్టికీ మా పేటలో పెళ్లి జరిగితే వాళ్ల పాట పెట్టనిదే ఎవరూ డాన్సుకు లేవరు.

ఆ నలుగురిలో క్లియోఫస్‌నూ వెండెల్‌నూ మేమే మట్టి చేశాం. రేనార్డ్ టిల్‌మన్ సంగతే తెలియదు. తారస్థాయి అతనిదే. 1963లో కచేరీకని జార్జియాలో ఒక చిన్న ఊరికి వెళ్లినప్పుడు, సాయంత్రం సిగరెట్లు కొనుక్కొస్తానని హోటల్లోంచి బయటికెళ్లి తిరిగిరాలేదు. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, ఒక నల్లవాడు కనబడటం లేదంటే పోలీసులు ఫిర్యాదు కాగితం కూడా ముట్టుకోలేదు. మిగతా ముగ్గురూ రెండు రోజులు వెతికి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇల్లు చేరారు. రేనార్డ్ చెల్లెలు ఒడెస్సా అత్త మాత్రం అన్న బతికే ఉన్నాడని అరవై ఏళ్లుగా వాదిస్తూనే ఉంది.

మొన్న అక్టోబరులో గ్రంథాలయం నుంచి థాడియస్ అనే ఆయన వచ్చాడు. బడిపిల్లలకు నేర్పడానికి నాన్న గొంతు విడిగా రికార్డు చేస్తానన్నాడు. ఒక ఉదయం మా చర్చి కింది గదిలో నాన్న ఒక్కడే పాడాడు. పక్కన నేను కూర్చున్నాను. పాట అయ్యాక థాడియస్ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

“సార్, ఈ గదిలో ఇంకెవరున్నారు?”

“నేను, మా వెర్లీన్, నువ్వు. ఇంకెవరుంటారు, మీ బామ్మా?” అన్నాడు నాన్న.

థాడియస్ నవ్వలేదు. స్పీకర్లో పెట్టాడు. పాడింది నాన్న గొంతొక్కటే. కానీ ప్రతి చరణానికీ ముందు, ఆయన ఊపిరి తీసుకునే చోట, పక్కనే మరికొందరు కూడా ఊపిరి తీసుకుంటున్నారు. గొంతులు లేవు, వట్టి ఊపిర్లే. థాడియస్ మైకు జరిపి, మిషను మార్చి, మళ్లీ పాడించాడు. ఈసారి అవి ఇంకా దగ్గరగా వినిపించాయి.

నాన్న కళ్లు మూసుకున్నాడు. “ఇది క్లియోఫస్. వాడికి ఉబ్బసం. ఇది వెండెల్, గుటక మింగి మరీ పీలుస్తాడు.”

మూడో ఊపిరి చివర సన్నటి ఈల ఉంది. కుర్రతనంలో బాక్సింగులో ముక్కు విరిగినప్పటి నుంచీ రేనార్డ్ ఊపిరి తీస్తే ఈల వచ్చేదట.

“పోయినవాళ్లే వచ్చారమ్మా. వాడూ వాళ్లతోనే వచ్చాడు.”

“చెరిపేయమంటారా?” అన్నాడు థాడియస్ మెల్లగా.

“వద్దు బాబూ. ఒడెస్సాకి వినిపించాలి.”

“మతి పోయిందా నాన్నా? ఎనభై దాటిన మనిషి, గుండె ఆగిపోతుంది!”

“అది ఆగి అరవై ఏళ్లయిందే,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి ఒడెస్సా అత్త వంటింట్లో చిలగడదుంపలు చెక్కు తీస్తోంది. “ఏం ఓజెల్, మళ్లీ చేతులూపుకుంటూ వచ్చావా? తినడానికి మాత్రం నోరు తెచ్చుకున్నావులే!” అంది. నాన్న థాడియస్ ఇచ్చిన మిషను బల్లమీద పెట్టాడు.

ఈల వినగానే కత్తి ఆగింది. మళ్లీ పెట్టమంది. మూడుసార్లు వింది.

“తడిగా ఉంది,” అంది. “వాడి ఊపిరి తడిగా ఉంది. నీళ్లు మింగుతున్నాడు, వినబడటం లేదూ?”

అప్పటిదాకా మాకు తట్టలేదు. ఈల కింద బుడగలు చిట్లుతున్న చప్పుడు.

“ఆ హోటల్ దగ్గర ఏరుందా ఓజెల్?”

నాన్న తలెత్తలేదు. “వెనకే. మేం నీళ్లలో మాత్రం వెతకలేదు. భయపడ్డాం.”

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. “నన్నక్కడికి తీసుకెళ్లండి,” అంది.

పది గంటలకు పైగా నేనే కారు నడిపాను. హోటల్ ఆనవాలు కూడా లేదు. ఏరు మాత్రం గోధుమరంగులో, అలికిడి లేకుండా పారుతోంది. అత్త నా భుజం పట్టుకుని ఒడ్డుకు దిగింది. “రేనార్డ్, లేవరా. అమ్మ దగ్గరికి పోదాం,” అని పిలిచి, గాజు సీసా నిండా నీళ్లు ముంచింది. మూత నేనే బిగించాను.

తిరుగు దారిలో నాన్న నా పక్కన, అత్త వెనక సీట్లో కూర్చున్నారు; దారి పొడుగునా సీసా ఆమె ఒళ్లోనే ఉంది. వర్జీనియా దాటుతుంటే కారంతా బురద వాసన వేసింది. చూస్తే ఆమె కోటు నడుము నుంచి కిందికి తడిసి ముద్దయింది. మూత బిగించినట్టే ఉంది, సీసాలో చుక్క తగ్గలేదు.

“హీటర్ పెంచవే,” అంది అత్త. “వాడు వణికిపోతున్నాడు.”

పెంచాను. వెనక సీటు వైపు చూసే ధైర్యం మళ్లీ చేయలేదు.

ఆ శనివారం ఆ సీసాను వాళ్లమ్మ సమాధి పక్కన పూడ్చి, రేనార్డ్ పేరు చెక్కిన రాయి పెట్టాం. బడిపిల్లలు పాడారు. అతని తారస్థాయిని పదకొండేళ్ల పాప అందుకుంటే నాన్న టోపీ తీసి నిలబడ్డాడు. చివరి మట్టి పడేదాకా అత్త కదల్లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని, ఆకలేస్తోందని చెప్పింది.