ఎనిమిదో ట్రాకు

పాడబోయే ముందు నేను ఫ్రిజ్ ప్లగ్గు తీస్తాను. ఫ్యాను ఆపుతాను, వంటింటి కిటికీ వేస్తాను, నీళ్ల మోటారు వేయొద్దని అత్తయ్యకి చెప్తాను. తర్వాత పడగ్గదిలోకి వెళ్లి బట్టల అల్మారా తలుపులు తెరిచి, నా బట్టలకీ ఆయన చొక్కాలకీ మధ్య మైకు పెట్టుకుని నిలబడతాను. బట్టలు గొంతుని పీల్చుకుంటాయి, గది మోగదు. పాట అయ్యాక ఇదంతా వెనక్కి చేసుకుంటూ రావాలి. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టడం మర్చిపోయి పాలు విరిగితే అది నా తప్పు. పాట బాగా వస్తే అది ఆయన పాట.

ఆయన సీరియళ్లకీ ప్రకటనలకీ చిన్న సినిమాలకీ ట్యూన్లు కడతారు. నేను ట్రాకు పాడతాను. అంటే అసలు సింగర్ వచ్చేలోపు ట్యూను ఇలా ఉంటుందని ముందుగా పాడి పెట్టడం. సింగర్ వచ్చి ఒక్కో లైను విని, నా గొంతు ఉన్నచోటే పాడుతుంది. ఆమె ఒక లైను పాడితే నాది ఒక లైను పోతుంది. పాట పూర్తయ్యేసరికి నేను ఉండను. పెళ్లయిన కొత్తలో "ఇంట్లో ఇంత గొంతు పెట్టుకుని బయటివాళ్లని పిలవడం ఎందుకు?" అన్నారు ఆయన. అది మెచ్చుకోలు అనుకున్నాను. బయటివాళ్లకైతే డబ్బివ్వాలన్న సంగతి అప్పుడు తోచలేదు. ఆయన కీబోర్డు వాయిస్తుంటే రికార్డరు బటన్లు నొక్కేదీ నేనే. అత్తయ్య ఫోనులో చుట్టాలతో అంటూ ఉంటుంది, "మా కోడలికేం పని? అల్మారాలో నిలబడి పాడుకోవడమేగా" అని.

ఈసారి పాటలో ఒక లైను ఉంది. 'నువ్వు వెళ్లిన దారికి తలుపు వేయలేదు.' నేను 'తలుపు' దగ్గరికి వచ్చేసరికి పక్కగదిలోంచి అత్తయ్య "అమ్మాయ్, మోటారు ఆపావా?" అని కేకేసింది. ఆగిపోయాను. మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలంటే ఆయన విసుక్కుంటారు. ఒక గుటక వేసి, తాళం దాటిపోకముందే 'వేయలేదు' అని అందుకున్నాను. ఆయన కీబోర్డు మీంచి తలెత్తి, "అదేంటది? బాగుంది. ఉంచెయ్" అన్నారు. మర్నాడు సింగర్‌కి ఫోను చేసి పాట వినిపించారు. ఆమె పెద్ద సింగర్, ఇలాంటి చిన్న సినిమాలకి పాడదు. వినిపించాక ఆమె ఏదో అడిగింది. ఈయన నవ్వి, "'తలుపు' దగ్గర ఆ విరుపా? రాత్రంతా కూర్చుని ఆలోచించి పెట్టానమ్మా" అన్నారు. నేను అప్పుడు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. చేస్తూనే ఉన్నాను. ఆమె పాడతానని ఒప్పుకుంది.

అదే వారంలో పాత రికార్డరు తెర ఆరిపోయింది. కొత్తదాని కోసం షాపుకి వెళ్లాం. అక్కడి సేల్స్‌మన్ మూడు రకాలు చూపించాడు. కంప్యూటరుకి తగిలించే పెట్టె ఒకటి. అది ఆయన వద్దన్నారు, కంప్యూటరు ఫ్యాను చప్పుడు మా గదిలో మైకులోకి వస్తుంది. మిగతా రెండూ విడి రికార్డర్లు. ఒకటి ఎనిమిది ట్రాకులది, అంటే ఎనిమిది శబ్దాల్ని విడివిడిగా దాచేది, ఒకటి ఇరవై నాలుగుది.

"ఒకేసారి ఎంతమంది పాడతారు సార్?"

"ఒక్కరే."

"మేడమ్ కూడా పాడతారా?"

"ఆవిడ ట్రాకు పాడుతుంది, అంతే."

మా పాటలకి వాయిద్యాలకే ఏడు ట్రాకులు పోతాయి. గొంతుకి మిగిలేది ఎనిమిదోది. నేను అతన్ని అడిగాను, "ఇరవై నాలుగుదైతే పాతది తుడవక్కర్లేదు కదండీ?" అని.

"అక్కర్లేదు మేడమ్. అది అలా ఉంచేసి పక్క ట్రాకు మీద పాడుకోవచ్చు."

"ఉంచుకుని ఏం చేస్తావు, మ్యూజియం పెడతావా?" అన్నారు ఆయన. సేల్స్‌మన్ నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

ఎనిమిది ట్రాకులదే తీసుకున్నారు. మిగిలిన డబ్బుతో సింగర్ కోసం మంచి మైకు కొన్నారు. పాటలున్న కార్డు తీసి కొత్తదాంట్లో వేసుకుని, పాత రికార్డరుని షాపులోనే ఇచ్చేశాం. వారంలోపు పెట్టె పాడవకుండా తెస్తే, తేడా కట్టించుకుని పెద్దదానికి మార్చి ఇస్తామని సేల్స్‌మన్ నాతో చెప్పాడు, ఆయనతో కాదు. దారిలో పెట్టె నా ఒళ్లో ఉంది. "కొత్త మైకు నువ్వు వాడకు. ట్రాకుకి పాతది చాలు. తుంపర్లు పడితే పాడైపోతుంది" అన్నారు. ఇంటికొచ్చాక, "ఈ పెట్టె పారెయ్" అన్నారు. నేను అల్మారా మీద పెట్టాను.

మర్నాడు సింగర్ ఫోను చేసి, తనకి శ్రుతి ఒక మెట్టు పెంచాలంది. ఆయన వాయిద్యాలన్నీ మళ్లీ వాయించారు. పాత శ్రుతిలో ఉన్న నా ట్రాకు ఇక పనికిరాదు. "ఎనిమిదో దాని మీదే పాడెయ్. పాతది పోతే పోనీ" అన్నారు. ఒక్కసారి విననివ్వమన్నాను. "నీ గొంతు నువ్వు వినడానికి ఇప్పుడు టైముందా?" అని ఆయన కీబోర్డు వైపు తిరిగారు. అయినా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ లైను విన్నాను. 'తలుపు' అన్నాక, దూరంగా, అత్తయ్య గొంతు కూడా ఉంది అందులో. మోటారు ఆపావా. తర్వాత నా గుటక. తర్వాత 'వేయలేదు'. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నేనున్నట్టు చెప్పే సాక్ష్యం ఏదైనా ఉంటే ఇదే అనిపించింది. వంటకి సాక్ష్యం ఉండదు, తిని లేస్తారు. గిన్నెలు తోమితే తోమినట్టే ఉండదు, మళ్లీ పడతాయి. ఇదొక్కటీ ఉండాల్సింది. పేరు వేయమని నేను ఎప్పుడూ అడగలేదు. తుడవొద్దని కూడా గట్టిగా అడగలేదు, ఒకసారి అడిగితే షాపులో నవ్వారు. రికార్డు బటన్ నొక్కాను. నా గొంతు మీద నేనే పాడాను. ఆయన కట్టింది కట్టినట్టే పాడాను. విరుపు పెట్టలేదు. పదాల చివర నాకు అలవాటైన చిన్న ఒంపులు పెట్టలేదు. ఊపిరి ఆయన చెప్పిన చోటే తీసుకున్నాను. అయ్యాక ఆయన "ఓకే" అన్నారు. ఆయన చెవి వాయిద్యాల మీద ఉంది.

రెండు రోజులకి సింగర్ వచ్చింది. అల్మారా చూసి పెద్దగా నవ్వింది. "మాస్టారూ, మీ చొక్కాలకి కచేరీ చేయాలా?" అంటూనే కొత్త మైకు ముందు నిలబడి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నేను రికార్డరు దగ్గర కూర్చున్నాను. మొదటి లైను విని పాడింది. రెండో లైను వినిపించాను. ఆమె ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపింది.

"ఇది కాదు కదా మాస్టారూ."

"అదే పాటమ్మా."

"పాట అదే. తలుపు అన్నాక ఆగాలి. అది విన్నప్పుడు, అయ్యో వేసేసిందేమో అనిపించింది నాకు. దానికోసమే ఒప్పుకున్నాను. మీరు పెట్టిందేగా, ఒక్కసారి పాడి చూపించండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. 'తలుపు' అని, వేలితో తొడ మీద లెక్క వేసి, 'వేయలేదు' అన్నారు.

"లెక్క తెలిసిపోతోందండీ," అంది ఆమె. తను కూడా ప్రయత్నించింది. "నాకేమో ఎక్కిళ్లొచ్చినట్టుంది. అది లేకుండా నేను పాడను మాస్టారూ. ఏమనుకోకండి."

ఆయన నా పక్కకి వచ్చి వంగారు. "పాత ట్రాకు ఉందా?"

"ఉన్నవి ఎనిమిదే కదండీ."

"ఈసారి ఎందుకు పెట్టలేదు నువ్వు?" గొంతు తగ్గించే అడిగారు. దవడ బిగుసుకుంది. బయటివాళ్లు వెళ్లాక ఆ దవడ ఎలా తెరుచుకుంటుందో నాకు తెలుసు.

"మీరు కట్టిందంతా ఉందండీ అందులో," అన్నాను. "ఒక్క స్వరం తగ్గలేదు."

ఫ్రిజ్ లేదు, ఫ్యాను లేదు. గదిలో ఏ చప్పుడూ లేదు. మంచి మైకు అన్నిటినీ వింటుంది, విన్నది హెడ్‌ఫోన్‌లోకి వెళ్తుంది.

"అక్కా," అంది సింగర్ అల్మారాలోంచి, రెండు చేతులతో హెడ్‌ఫోన్ పట్టుకుని. "అది మీదా?"

ఆయన నా వైపే చూస్తున్నారు.

"నాదే," అన్నాను.

ఆయన నవ్వు తెచ్చుకున్నారు. "ఇద్దరం కూర్చుని చేసిందే కదమ్మా. ఇప్పుడు పాడుతుంది, మీరు విని అలాగే అందుకోండి. ఊఁ, పాడు. ఎనిమిదో దాని మీదే పాడెయ్."

కుర్చీ ఎక్కి అల్మారా మీద నుంచి పెట్టె దించాను. లోపలి థర్మోకోల్ కూడా అలాగే ఉంది. రికార్డరు వైర్లు ఒక్కొక్కటీ తీసి, చుట్టి, దాన్ని అందులో పెట్టి ఆయన చేతికిచ్చాను.

"పాడతాను. ఆ మైకులోనే పాడతాను. కాని పాడింది ఉండాలి. ఇరవై నాలుగుది తెచ్చాక పాడతాను. పెట్టె బాగుంటే మార్చి ఇస్తానన్నాడు అతను. షాపు సాయంత్రం దాకా ఉంటుంది."

సింగర్ హెడ్‌ఫోన్ తీసి ఆయన చొక్కా హ్యాంగరుకి తగిలించింది. "నేను రేపొస్తాను మాస్టారూ," అంది.

పక్కగదిలోంచి అత్తయ్య కేకేసింది. "అమ్మాయ్, అయిపోయిందా? మోటారు వేసుకోనా?"

"వేసుకోండి అత్తయ్యా," అని వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు పెట్టాను.