లోపలి గడె

సిరిగేరిలో ఉరుకుందమ్మ ఒంటరి మనిషి. మొగుడు పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఉన్నదల్లా రాతిగోడల మిద్దె ఒకటి. పగలంతా దాని తలుపు బార్లా తీసే ఉండేది.

ఊరికి కాలువ నీళ్లొచ్చిన మూడో ఏడు, సేద్యం కోసం కోస్తా నుంచి వచ్చిన సుబ్బరాయుడు పక్కింట్లో అద్దెకు దిగాడు. అతని భార్య పున్నమ్మ పొద్దున్నే చెంబుతో మజ్జిగ తెచ్చేది. ముసలామెకు తల దువ్వి, కాసేపు కూర్చుని పోయేది. అది ఉరుకుందమ్మ బావగారి కొడుకు నింగప్పకు గిట్టలేదు.

"చిన్నమ్మా, వాళ్లు యాడోళ్లో ఏమో. నువ్వు ఒంటి ఆడమనిషివి. ఏమన్నా అయితే ఊరు నన్నంటాది" అన్నాడు. కంప్లి నుంచి బారెడు ఇనుప గడె తెచ్చి తలుపుకు లోపలి వైపు పెట్టించాడు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచిని బండతో మూయించాడు. పగలైనా గడె తీయనని ఒట్టు వేయించుకున్నాడు.

ఉరుకుందమ్మకు మొదట్లో ఊపిరాడలేదు. పోనుపోను భయమే అలవాటైంది. పున్నమ్మ పిలిస్తే లోపలి నుంచే "ఒళ్లు బాగలేదమ్మా, పండుకున్యా" అనేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లోని స్నానాల బండ మీద కాలు జారి పడింది. తుంటి దగ్గర ఎముక పుటుక్కుమంది. తలుపు పదడుగుల దూరం. అంత దూరం దేకలేకపోయింది. గొంతెండేదాకా అరిచింది.

పున్నమ్మ విని వచ్చి తలుపు నెట్టింది. కదల్లేదు. నింగప్ప ఇంటికి పరుగెత్తితే, అతను తెక్కలకోట సంతకు పోయాడు. అతని భార్య సిద్ధమ్మ చేతిలో చేట దించకుండానే "ఆయప్ప రానీ. తలుపు ముట్టుకుంటే నాకు తిట్లు" అంది. పున్నమ్మ చేలోకి పోయి మొగుణ్ణి, ఇద్దరు కూలీలను పిలుచుకొచ్చింది. గడ్డపారలతో తలుపు పగలగొట్టారు. ముసలామె తడిచీర మార్చి, తల ఒళ్లో పెట్టుకుని, "నేనున్నాను పిన్నిగారూ" అంటూ పున్నమ్మ పొద్దుగుంకేదాకా కదల్లేదు.

నింగప్ప వచ్చి ముందు తలుపు చూశాడు, తర్వాత చిన్నమ్మను. కట్టు కట్టించి తన ఇంటికి మోయించాడు. మూడో రోజు మంచం పక్కన కూర్చున్నాడు.

"గడె పెట్టించి ముసలిదాన్ని చంపబోయినానని ఊరంతా అంటాండారు. రేపు పెద్దలొస్తారు. నువ్వు గమ్మునుండు చాలు. మేం లేకుంటే నిన్ను ఎత్తి కూర్చోబెట్టేదెవరు?"

మర్నాడు పెద్దల ముందు "పక్కింటోళ్లు పట్టపగలే తలుపు పగలగొట్టి దూరినారు. ఆ తోపులాటలోనే పడింది" అన్నాడు.

పెద్దల్లో బసప్ప మంచం వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు పిలిచినావా వాళ్లను?"

పున్నమ్మ గుంపులో నిలబడి ఆమె ముఖంలోకే చూస్తోంది. సిద్ధమ్మ గంజి గిన్నెతో తలాపున ఉంది.

"మతికి లేదప్పా" అంది ఉరుకుందమ్మ.

పున్నమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే సుబ్బరాయుడు కాలువ గట్టున కోస్తావాళ్లు ఇళ్లు వేసుకున్న క్యాంపుకు కాపురం మార్చేశాడు.

మూడు నెలలకు ఉరుకుందమ్మ కర్ర పట్టుకుని తన మిద్దెకు వచ్చింది. కొత్త తలుపుకు తాళం బయట వేస్తారు. సిద్ధమ్మ పూటకోసారి తీసి సంగటి పెట్టి, మళ్లీ వేసుకుని పోతుంది. "నీ మంచికే" అంటుంది. పక్కిల్లు ఇప్పుడు నింగప్ప అద్దెకు తీసుకుని వడ్లు పోశాడు. ఆ గోడ పక్కన మంచం వేయించుకుని ఉరుకుందమ్మ పడుకుంటుంది. ఎలుకల అలికిడి తప్ప ఏమీ వినపడదు.