గడి తలుపు తీసినోళ్లు

ఫిలింనగర్ గుట్ట మీద వేసిన గడి సెట్టు ముందు నూటయాభై మంది జూనియర్ ఆర్టిస్టులు పొద్దుటినుంచి ఎండలో నిలబడ్డారు. కరువొచ్చిన ఏడాది దొర తానే కోటలాంటి ఆ ఇంటి తలుపులు తెరిచి వడ్లు పంచుతాడు, జనం ఆయన కాళ్ల మీద పడతారు. అదీ సీను. సినిమాకు నిర్మాత ఆ దొర కొడుకే. జరిగిన చరిత్ర అని పోస్టర్ల మీద కూడా వేయించాడు.

మైకులో ఎర్రకుంట అన్న ఊరి పేరు వినగానే గుంపులో ఉన్న నీలమ్మ బిగుసుకుపోయింది. అది ఆమె పుట్టిన ఊరు. కెమెరా తిరిగింది. అందరూ వంగారు. నీలమ్మ వంగలేదు.

డైరెక్టర్ త్రినాథరావు గొడుగు కిందినుంచి లేచొచ్చాడు. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగనే ఉన్న సార్. దొర తలుపు తియ్యలే. మా నాయిన బాలనర్సయ్య, ఊరోళ్లు గొడ్డళ్లతోని పలగ్గొట్టిండ్రు. దొర మనుషులు మిద్దె మీదికెల్లి తుపాకులు పేల్చిండ్రు. మా నాయినతోని కలిపి ఏడుగురు గడపల్నే పడి సచ్చిపోయిండ్రు. నాకు ఎనిమిదేండ్లు. కండ్లార చూసిన."

"ఇది సినిమా అమ్మా. ఎప్పటి సంగతో ఎవరికి గుర్తుంటుంది?"

"గందుకే సార్. చూసినోళ్లం ఒక్కొక్కలం పోతున్నం. రేపు మిగిలేది మీ బొమ్మనే."

వాళ్లను పనికి తెచ్చే ఏజెంటు జంగయ్య నీలమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "జర సోంచాయించు. రేపటిసంది నిన్నెవడు పిలువడు. మొక్కితే నీదేం పోతది?"

"నాది పోదు. మా నాయినది పోతది."

సామర్లకోట నుంచి వచ్చిన కౌసల్య విసుక్కుంది. "వేషానికి ఇంత గొడవేంటే? నిన్న బిచ్చగత్తెలుగా చేశాం, ఏమైనా అన్నామా?"

"అప్పుడు ఎవ్వరి పేరు తుడిపెయ్యలే కౌసల్యా."

కౌసల్య ఆమె దగ్గరికి జరిగింది. "ఆ మిగతావాళ్ల పేర్లేంటి?"

నీలమ్మ నలుగురి పేర్లు చెప్పింది. మిగిలిన ఇద్దరివీ ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. సిగ్గుతో తల దించుకుంది. తండ్రి పేరుతో కలిపి ఆ అయిదు పేర్లే ఒక నోటి నుంచి ఇంకో నోటికి గుంపంతా పాకాయి.

మళ్లీ కెమెరా తిరిగింది. దొర వేషంలో ఉన్న హీరో తలుపులు తెరిచాడు. నూటయాభై మందిలో ఒక్కరూ వంగలేదు. కళ్లెత్తి అతన్నే చూస్తూ నిలబడ్డారు. నిర్మాత ఫోను దగ్గరికి పరుగెత్తాడు. పోలీసు జీపు వచ్చి నీలమ్మను ఎక్కించుకుపోయింది.

తెల్లారి స్టేషన్ నుంచి వదిలేస్తే తాముండే కృష్ణానగర్ దాకా నడిచొచ్చింది. సందు మొగలో షూటింగు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. దాని ముందు ఆడవాళ్లు రోడ్డు మీద బాసింపట్లు వేసుక్కూర్చున్నారు. కొత్తగా చేరిన అమ్మాయిలకు కౌసల్య తన గోదావరి యాసలో చెబుతోంది: "అప్పుడు బాలనర్సయ్యగారు గొడ్డలెత్తారు..."

నీలమ్మ చప్పుడు చేయకుండా వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.