నాలుగు లైన్ల డబ్బా

పొద్దున ఏడున్నరకు మల్కాజ్‌గిరి స్టేషన్లో లోకల్ రైలెక్కే ముందు కల్పలత రోజూ చేసే పని ఒకటుంది. చుట్టూ మూగిన డబ్బాలన్నిటికీ ఓకే నొక్కి పంపించెయ్యడం. ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ ఉన్న బాధే ఇది. మనం రాసిన మెసేజ్ కంప్యూటర్ తెర మీద డబ్బాలా తేలుతుంది, అవతలివాళ్ళు చదవకుండానే ఎంటర్ కొట్టేస్తారు. అలా చదవకుండా మూసిన డబ్బా తెర దిగి, రాసినవాళ్ళను వెతుక్కుంటూ వచ్చేస్తుంది. రాసినవాళ్ళు గానీ, ఎవరికోసం రాశారో వాళ్ళు గానీ ఓకే నొక్కితేనే పోతుంది.

ఆ సోమవారం పన్నెండు డబ్బాలు నొక్కి, పదమూడోదాన్ని మాత్రం వదిలేసింది. మూడు వారాలుగా వదిలేస్తూనే ఉంది.

"బిడ్డా, నీ డబ్బా జెర పైకి జరుపు. ముఖానికి తగుల్తుంది" అంది ఎదురు సీట్లో కూరగాయల సంచీ పెట్టుకున్నామె.

"సారీ అక్కా."

"నొక్కెయ్యరాదు? గింత దూరం ఎందుకు మోస్తవ్?"

కల్పలత డబ్బాను నెత్తి మీదికి నెట్టి కళ్ళు మూసుకుంది. ఒంట్లో ఓపిక లేదు. డబ్బా మీద ఒకటే లైను, అదీ సగమే: "గౌరవనీయులైన మీకు నమస్కారం, పేషెంటు వివరాలు విజయవంతంగా భద్రపర". అక్కడితో అంచు వచ్చేసింది.

తెగిపోయిన సగంలోనే ఉంది అసలు సంగతి. సికింద్రాబాద్‌లో ఓ ఇరుకు సందు ఆస్పత్రికి ఆమె రాసిన సాఫ్ట్‌వేర్‌లోది ఆ డబ్బా. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర రోసమ్మ పేషెంటు పేరు కొడుతుంది. ఏదైనా మందు పడదని మెసేజ్ వస్తే చీటీ మీద ఎర్ర పెన్నుతో రాస్తుంది. లోపల ఆ చీటీ చూసే సూది వేస్తారు. మూడు వారాల కింద అల్వాల్ నుంచి వీరయ్య అనే పెద్దాయన కాలి పుండుతో వచ్చాడు. ఆయన పేరు కొట్టినప్పుడు తేలిన డబ్బాయే ఇది. చీటీ మీద ఎర్ర రాత లేదు. సూది పడిన కాసేపటికే పెదాలు వాచి, ఊపిరి అందక, నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఆస్పత్రివాళ్ళు రోసమ్మను ఇంట్లో కూర్చోమన్నారు. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈరోజు పదకొండింటికి తేలుతుంది.

ఆఫీసులో ఆమె బాసు ఓంప్రకాశ్ సారు కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. "హెచ్చరిక సక్రమంగా కనిపించినది. ఆపరేటరు చదవకుండా మూసివేసినారు." కింద కల్పలత సంతకానికి ఖాళీ.

"ఏందమ్మా, ఇంకా దాన్ని ఎంటేసుకునే తిరుగుతున్నవా? నొక్కు, ఖతం చెయ్."

"అది సక్రమంగా కనిపించలేదు సార్. మొత్తం ఒకే లైనులో పెట్టాం. వాళ్ళది పాత చిన్న మానిటర్. నమస్కారం, విజయవంతంగా, ఇవన్నీ ముందు పెడితే పడదన్న ముక్క తెర దాటిపోయింది."

"మర్యాదగ మాట్లాడుడు తప్పా?"

"మర్యాద ఒక లైనులో, హెచ్చరిక ఇంకో లైనులో పెట్టాల్సింది. మూడు చోట్ల లైను విరిస్తే సరిపోయేది. అర నిమిషం పని."

"మరి అప్పుడేం జేసినవ్? నీ పెద్ద మానిటర్ మీద నువ్వు సుత చూసి ఓకే అన్నవ్ గద!"

అన్నది. ఆ ఓకే తనదే.

"చూడు కల్పలతా," ఓంప్రకాశ్ గొంతు తగ్గించాడు, "తప్పు మనదంటే వాళ్ళు మనల్ని పీకేస్తరు. నేను నిన్ను పీకేస్త. ఎందుకీ పరేషాన్? సంతకం పెట్టు."

కాగితం సంచీలో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు, పెట్టననీ అనలేదు.

పదకొండింటికి ఆస్పత్రిలో, పెద్ద డాక్టర్ శ్రీలలిత గదిలో రోసమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, కుర్చీ ఉన్నా నిలబడే ఉంది.

"సదవకుండ కొట్టిన్నంటున్రు మేడమ్. తొమ్మిదేండ్లల్ల ఒక్క చీటీ తప్పు పోలె. రోజుకు నూరు డబ్బాలొస్తయి, అన్నీ నమస్కారమే అంటయి. నమస్కారానికి ఎర్ర పెన్ను ఎందుకు తీస్త?"

"అంటే చివరిదాకా చదవలేదనేగా?" అన్నాడు కల్పలతతో వచ్చిన ఓంప్రకాశ్ చటుక్కున.

"కనబడ్డకాడికి సదివిన సార్."

డాక్టర్ కల్పలత వైపు తిరిగింది. "రాసింది మీరే కదా. ఏమంటారు?"

కల్పలత కళ్ళు మండుతున్నాయి. నిజం చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. అబద్ధాన్ని ఇంకో మూడు వారాలు మోసే ఓపికా లేదు. ఆమె చెయ్యెత్తి, నెత్తి మీది డబ్బాను బల్ల మీదికి దించింది. నమస్కారం తర్వాత వేలు ఆనించి, దారం తెంపినట్టు కిందికి లాగింది. మిగతా మాటలు రెండో లైనులోకి జారాయి. డబ్బా ఓ జానెడు ఎత్తయింది. ఇంకోచోట విరిచింది. మరోచోట.

గౌరవనీయులైన మీకు నమస్కారం,
పేషెంటు వివరాలు విజయవంతంగా భద్రపరచబడినవి,
దయచేసి పాత రికార్డు కూడా చూడగలరు,
ఈయనకు పెన్సిలిన్ పడదు.

ఓంప్రకాశ్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"నాలుగో లైను ఆమెకు కనిపించలేదు మేడమ్," అంది కల్పలత. "కనిపించేలా నేను రాయలేదు."

శ్రీలలిత కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ చదివింది. "రోసమ్మా, రేపు పొద్దున డ్యూటీకి రా."

"రేపటి నుంచి నువ్వు రాకు," అన్నాడు ఓంప్రకాశ్, కల్పలత ఒక్కదానికే వినబడేలా. ఆమె తలూపింది. ఎక్కడైనా కాసేపు ఒరగాలనిపించింది, అంతే.

"నొక్కెయ్ రోసమ్మా," అంది. "నీకోసం రాసిందే."

రోసమ్మ కొంగుతో వేలు తుడుచుకుంది. నొక్కలేదు. మొదటి లైను నుంచి షురూ చేసి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ నాలుగూ చదివింది. అయిపోయాక కూడా వంగి, డబ్బా అడుగున ఇంకేమన్నా మిగిలిందేమోనని చూసింది. అప్పుడు నొక్కింది.