కోడుమూరు దారిలో జారిన మాట

ఆదోనిలో మహాదేవి ఇంట్లో పొద్దు ఇలా మొదలవుతుంది. స్టవ్వు మీద పాలు పెట్టి, చీపురు తీసుకుని వాకిట్లోకి పోతూ, "నందూ, పాలు పొంగితే దించు పాపా" అంటుంది. ఆ మాట వంటింటి గడప దాటి, మంచం మీద జడ విప్పుకుని కూర్చున్న నందిని దాకా వెళ్తుంది. చెవి దగ్గర కాసేపు ఆగుతుంది. ఆపైన ఏం తోస్తుందో ఏమో, పక్కకు తిరిగి కిటికీలోంచి బయటికి వెళ్ళిపోతుంది. పాలు పొంగి స్టవ్వంతా పారతాయి. మహాదేవి నెత్తి కొట్టుకుంటుంది.

సాయంత్రం బడి నుంచి వచ్చి నందిని టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట ఊరంతా తిరిగి తిరిగి ఇల్లు చేరుతుంది. పిల్ల గబుక్కున లేచి వంటింట్లోకి పరుగెత్తుతుంది. చల్లారిన స్టవ్వు ముందు మసిగుడ్డ పట్టుకుని నిలబడి, దించడానికి ఏమీ కనబడక తల్లి వైపు చూస్తుంది.

పుట్టినప్పటి నుంచీ ఇంతే. నందినితో అన్న మాట ఎక్కడెక్కడో తిరిగితే గాని ఆమెను చేరదు. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు, ఎవరికీ వింత కాదు. పత్తి మార్కెట్ యార్డు గేటు పక్కన టీ అంగడి పెట్టుకున్న చోటే సాబ్‌కయితే మహాదేవి మాటలు గొంతుతో సహా గుర్తు. "మీ మాట ఈడ తిరుగుతాండె అమ్మా, అన్నం డబ్బా మర్సిపోవద్దని. ఎండలో దావ తప్పినట్టుండాది, ఇంటి తట్టు పంపిచ్చినా" అని కనబడ్డప్పుడల్లా చెప్పేవాడు. మహాదేవి అతనికి దండం పెట్టుకునేది.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చాక మాత్రం చిక్కు వచ్చి పడింది. వాళ్ళ బడి నూటికి నూరు శాతం ఫలితాలని గోడ మీద ఎర్ర రంగుతో రాయించుకున్న బడి. ఆ నూరులో ఒకటి తగ్గుతుందేమోనని హెడ్మాస్టరు దిగులు. మహాదేవిని పిలిపించి, నందినిని బడి తరఫున కాకుండా ప్రైవేటుగా పరీక్షకు ఫీజు కట్టించమన్నాడు. అలా ప్రైవేటుగా కట్టిన పిల్లలు ఆ వీధిలో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళలో ఒక్కరూ మళ్ళీ పుస్తకం పట్టలేదు. మహాదేవి ఎమ్మిగనూరులో తండ్రి మగ్గం దగ్గర కండెలు చుడుతూ పదో తరగతితోనే ఆగిపోయిన మనిషి. కూతురు కూడా అక్కడే ఆగిపోతుందంటే ఆమె తట్టుకోలేకపోయింది.

లెక్కల టీచరు ఎస్తేరు ఒక దారి చెప్పింది. కర్నూలులో డాక్టర్ ముస్రత్ అని ఒకామె ఉందనీ, పిల్లల ధ్యాస ఎలా పనిచేస్తుందో సొంత క్లినిక్కులో పరీక్ష చేసి చెబుతుందనీ, ఇబ్బంది ఉన్నట్టు ఆమె రాసిస్తే పరీక్షలో గంట అదనంగా దొరుకుతుందనీ, అప్పుడు హెడ్మాస్టరు కాదనలేడనీ చెప్పింది.

నందిని తండ్రి వీరన్నకు యార్డులో కమీషన్ అంగడి ఉంది. కొనేవాళ్ళు వచ్చే ముందు నాసి పత్తి కుప్ప మీద తెల్లటి పత్తి పరచడం ఆయనకు చిన్నప్పటి నుంచీ చేతికి అబ్బిన విద్య. డాక్టరమ్మ చూస్తుందనగానే బుర్ర అటే పోయింది. ఫోన్లో వీడియోలు చూసి అక్కడ ఏమేం అడుగుతారో తెలుసుకున్నాడు. మరుస్తావా అంటే మరవనని చెప్పు, కుదురుగా కూర్చుంటావా అంటే కూర్చుంటానని చెప్పు అంటూ కూతురికి నూరిపోశాడు. చాలా ముందుగా మొదలుపెట్టాడు కాబట్టి ఆ మాటలన్నీ తీరిగ్గా ఊరు తిరిగి పిల్లను చేరిపోయాయి. మహాదేవి కొత్త చుడీదార్ కుట్టించి, తలకు నూనె పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం నేర్పింది. పెళ్ళిచూపులకు కూడా ఇంత హడావుడి ఉండదు. పరీక్ష అంటే బాగున్నానని చూపించుకోవడమే అనుకున్నారు తప్ప, బాగాలేనిదేదో చూపించుకోవడానికి పోతున్నామని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

డాక్టర్ ముస్రత్ నెమ్మదిగా అడిగింది. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నా నందిని చెవి దాకా వచ్చి, ఫ్యాను గాలికి ఊగి, కిటికీలోంచి కర్నూలు వీధుల్లోకి వెళ్ళిపోతూనే ఉంది. నందిని మాత్రం నేర్పిన వరసలో మరవను మేడం, కూర్చుంటా మేడం అని చిలకలా చెప్పుకుపోయింది. తల్లిదండ్రులను అడిగితే మా పాప బంగారం అన్నారు. చివరగా డాక్టరమ్మ కాస్త ముందుకు వంగి, "నీకు అన్నిటికన్నా కష్టమైంది ఏది నందినీ?" అంది. "ఏమీ లేదు మేడం" అంది నందిని. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. మీరు చెప్పినదాన్ని బట్టి నేను రాయడానికి ఏమీ లేదనీ, ఎప్పుడైనా రావాలనిపిస్తే మొహమాటపడకుండా రమ్మనీ చెప్పి పంపించింది.

తిరుగు బస్సు కోడుమూరు దాటాక నందిని కిటికీలోంచి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు చూసి తనలో తాను నవ్వుకుంది. కాగితం దొరక్క ఉత్త చేతులతో తిరిగొస్తున్న మహాదేవికి ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. "నువ్వు పుట్టకుండా ఉన్నింటే మేలుగా ఉండె" అంది.

మాట వెళ్ళి కూతురి చెంప దగ్గర ఆగింది. తర్వాత బస్సు కిటికీలోంచి జారి, చేల మీదుగా ఎటో పోయింది. నందిని మిరపకాయలే చూస్తోంది. మహాదేవి కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూసింది. అదీ ఏదో ఒకరోజు చేరుతుంది. ఇంతవరకు చేరని మాట లేదు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ ఆరిన బట్టలు మడత పెడుతుండగా నందిని ఉన్నట్టుండి తలెత్తింది. ఎదురుగా ఎవరో ఉన్నట్టు జవాబు చెప్పసాగింది.

"కష్టమంటే ఇది మేడం. అందరూ నవ్వి అయిపోయినాక నాకు జోకు వస్తాది. పొద్దున అమ్మ తిట్టింటాది, అది సాయంత్రం వస్తాది. అప్పుడు అమ్మ ప్రేమగా తల దువ్వుతాంటాది. నేను ఏడుస్తా. దువ్వితే కూడా ఏడుస్తాదే ఈ పిల్ల అని అమ్మ మళ్ళీ తిడతాది. ఆ తిట్టు రేపు వస్తాది."

మహాదేవి చేతిలో దుప్పటి సగం మడతలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తన మాటల కోసం ఊరంతా వెతికిందే గాని, అవి పిల్లను చేరేటప్పుడు అక్కడ ఏం జరుగుతుందో ఆమె ఒక్కసారీ చూడలేదు. కూతురిని దగ్గరికి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజే వీరన్నకు జరిగింది చెప్పింది. ఆయన గడ్డం గోక్కుని, "ఈసారి కుప్ప అడుగు నుంచి సూపిద్దాం పా" అన్నాడు.

మళ్ళీ కర్నూలు పోయారు. ఈసారి పిల్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పొంగిన పాలు, పోయిన గొడుగులు, బడిలో నిలబెట్టిన రోజులు, చిన్నప్పటి నుంచి జరిగినవన్నీ ఇద్దరూ దాచకుండా చెప్పారు. డాక్టర్ ముస్రత్ ఒక్కో ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఇంకో రోగిని చూసుకుంటూ కాచుకుంది. పొద్దు వాలేసరికి దానికి పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ అంటారంది. ఇది సోమరితనం కాదనీ, పెంపకంలో లోపం అంతకన్నా కాదనీ చెప్పి కాగితం రాసిచ్చింది.

మహాదేవికి అడగాల్సింది ఇంకొకటి మిగిలింది.

"ఏడాదంతా బళ్ళో సెప్పినవి యాడికి పోయినాయి మేడం?"

"యాడికీ పోలేదమ్మా. అదనంగా ఇచ్చే గంట అందుకే. తొందరపెట్టేవాళ్ళు లేకుంటే అవే వచ్చి చేరతాయి."

"అన్నీ వస్తాయా?"

"అన్నీ వస్తాయి."

ఆ మాటకు వీరన్న ముఖం వెలిగింది. మహాదేవి ముఖం వాడిపోయింది. అన్నిటితో పాటు బస్సులో అన్న ఆ మాటా వస్తుంది, పరీక్ష హాల్లోకే వస్తుంది, పిల్ల పెన్ను అక్కడే పడిపోతుంది. మర్నాడు మహాదేవి పుట్టింటికి పోతున్నానని ఇంట్లో చెప్పి కోడుమూరు దారిలో దిగి, చేలల్లో పనిచేసే ఆడవాళ్ళను అడిగింది. ఒకామె, "అవునక్కా, సంక్రాంతికి ముందర ఏదో ఆడమనిషి మాట పోయింది. బలే కోపంగా పోయింది, కుక్కలు గూడా పక్కకు జరిగినాయి. ఎమ్మిగనూరు తట్టు పోయినట్టుండాది" అంది. ఎమ్మిగనూరులో వెతికితే ఆదోని వైపు పోయిందన్నారు.

హెడ్మాస్టరు ఆ కాగితం చూసి, పిల్లను బడి తరఫునే పరీక్షకు కూర్చోబెట్టాడు. లెక్కల పరీక్ష రోజు గంట కొట్టాక పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చి ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయారు. లోపల నందిని ఒక్కతే మిగిలింది. గేటు బయట వేపచెట్టు కింద మహాదేవి, పక్కన ఎస్తేరు టీచరు. ఎండకు రోడ్డు ఖాళీగా ఉంది.

అప్పుడు మాటలు రావడం మొదలైంది. ముందుగా ఎస్తేరు గొంతే వచ్చింది, బడి తెరిచిన కొత్తల్లో చెప్పిన పాఠం. ఈ పక్కది ఆ పక్కకు పోతే గుర్తు మారుతుంది నందినీ అంటూ నింపాదిగా గేటు దాటి లోపలికి పోయింది. దాని వెనక త్రిభుజాలు వచ్చాయి, వాటి వెనక వడ్డీ లెక్కలు. ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో, కొన్నిటికి పత్తి పోగులు అంటుకున్నాయి. టీ తెచ్చిన చోటే సాబ్ సైకిలు పక్కకు తీసి వాటికి దారి ఇచ్చాడు. తన పాఠాలు ఒక్కొక్కటీ లోపలికి పోతుంటే ఎస్తేరు పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అన్నిటికన్నా వెనక, దుమ్ము కొట్టుకుని, మహాదేవి గొంతుతోనే ఆ బస్సు మాట వచ్చింది. మహాదేవి గేటుకు అడ్డంగా నిలబడింది. అది పక్కనుంచి పోబోయింది. ఆమె అటే జరిగి అడ్డుపడింది. పొమ్మని అదిలించలేదు, బతిమాలలేదు. నోరు తెరిచింది. నువ్వు పుట్టకుండా అన్నదాకా వినబడి ఆ మాట ఆమె నోట్లోకి పోయింది. చేదుగా, గరుకుగా గొంతులో అడ్డం పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చోటే సాబ్ ఏమీ అడక్కుండా టీ గ్లాసు అందించాడు. ఆమె ఒక్కో గుక్కే తాగి దాన్ని కడుపులోకి దించుకుంది.

గంట అయ్యాక నందిని వేళ్ళకు సిరా పూసుకుని నవ్వుతూ వచ్చింది. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకున్నానని చెప్పింది. తర్వాత గేటు వైపు తిరిగి చూసింది.

"సివర్లో నీ గొంతు మాదిరి ఏదో వినపడె మా. లోపలికి రాలేదే?"

"అది నాకోసం వచ్చిందిలే పాపా" అంది మహాదేవి.

ఆ జవాబు కూతురి చెవి దాకా పోయి, కాసేపు ఆగి, యార్డు దారి పట్టింది. మహాదేవి మళ్ళీ చెప్పలేదు. నందిని చెయ్యి పట్టుకుని, తొందర లేకుండా, దాని వెనకే నడిచింది.